దున్నేసిన చొప్ప ఎటు పోతుంది? విజయనగరం పొలాల్లో ఒక కర్బనం లెక్క

గుర్ల, చీపురుపల్లి వైపు ఒక రైతు సంఘానికి మట్టి విషయాల్లో సలహాలు ఇస్తుంటాను. అక్కడ వచ్చిన ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల్లో ఇదే పని చేసేవాళ్లకు లెక్క చేసే పద్ధతి పనికొస్తుందని ఆశ. అంకెలు మాత్రం ఎవరి పొలానికి వాళ్లు మార్చుకోవాలి.

ఈ పక్క రబీ మొక్కజొన్న ఎక్కువ. కండెలు విరిచాక చొప్పలో కొంత పశువులకు పోతుంది, మిగతాదానికి ఏప్రిల్‌లో అగ్గిపుల్ల గీస్తారు. చెరువు కింద పల్లంలో వరి. కోత మిషన్ వచ్చాక అక్కడా గడ్డి మడిలోనే చెల్లాచెదురుగా పడి ఉంటోంది. ఏరించాలంటే కూలి గిట్టదు. తగలబెట్టడం మానేసి దున్నేస్తే మట్టిలో కర్బనం ఎంత పెరుగుతుందో చెప్పమని సంఘం అడిగింది. అదే సమయంలో ఒక ప్రైవేటు కంపెనీ ఏజెంటు ఊళ్లోకి వచ్చి, ఎకరాకు ఏడాదికి రెండు మూడు కార్బన్ క్రెడిట్లు (గాల్లోకి పోకుండా ఆపిన ప్రతి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒకటి, అమ్ముకోవచ్చు) వస్తాయని చెప్పి కాగితాల మీద సంతకాలు అడుగుతున్నాడు. పెట్టాలా వద్దా అన్నది రెండో ప్రశ్న.

అసలు ప్రశ్న మాత్రం మీటింగులో వెనక బెంచీ నుంచి వచ్చింది. ఒక పెద్దాయన లేచి, "బాబూ, మా తాత గెత్తం ఏసీవోడు, మా నాన్న ఏసీవోడు, నానూ ఏస్తన్నాను. మట్టి కార్డులో సూస్తే ఎప్పుడూ ‘తక్కువ’ అనే ఉంటాది. మరి ఏసిందంతా ఏటయిపోతంది?" అన్నాడు. (గెత్తం అంటే మా వైపు పశువుల ఎరువు.) ఎంత పెరుగుతుంది అనే ప్రశ్నకంటే ఎటు పోతోంది, ఎప్పుడు పోతోంది అన్న ప్రశ్నే మట్టిలో కర్బనాన్ని నెలనెలా లెక్కగట్టే మోడల్‌కు తగినది. కేసంతా దాని చుట్టూనే నడిచింది.

పొలాలు

రెండు రకాల నేల తీసుకున్నాం. ఒకటి గరువు: ఎర్ర ఇసుక గరప, బంకమన్ను 15% దగ్గర, ఖరీఫ్‌లో గోగో నువ్వో చోడో, రబీలో బోరు కింద మొక్కజొన్న. రెండోది చెరువు కింద పల్లం: ఖరీఫ్‌లో వరి, ఆ తేమ మీదే మినుము, పెసర. గరువు కార్డులో సేంద్రియ కర్బనం 0.4% చూపిస్తోంది. మన మట్టి పరీక్షల్లో 0.5% లోపు తక్కువ, 0.75% దాకా మధ్యస్థం, ఆ పైన ఎక్కువ.

ఆ 0.4ని ముందు కిలోల్లోకి మార్చుకోవాలి. పై 15 సెంటీమీటర్ల మట్టి, ఘనపు మీటరుకు 1.5 టన్నుల సాంద్రత అనుకుంటే హెక్టారుకు 2,250 టన్నులు, ఎకరాకు సుమారు 910 టన్నులు. అందులో 0.4% అంటే 3.6 టన్నుల కర్బనం. ఆ 910 గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది. పరీక్ష వాక్లీ–బ్లాక్ పద్ధతిలో (సేంద్రియ కర్బనం కొలిచే మామూలు ల్యాబ్ పద్ధతి) చేశారా, చేస్తే దిద్దుబాటు కలిపారా అన్నది కూడా అడిగి తెలుసుకోవాలి. ఆ పద్ధతి ఉన్న కర్బనంలో నాలుగింట మూడొంతులకు కాస్త పైగా మాత్రమే పట్టుకుంటుంది, అందుకే 1.3తో గుణిస్తారు. ఒక ఏడాది గుణించిన అంకె, మరుసటి ఏడాది గుణించని అంకె పక్కపక్కన పెడితే పొలంలో ఏమీ జరక్కుండానే కర్బనం పడిపోయినట్టు కనిపిస్తుంది.

మోడల్

వాడింది రాథ్‌సీ. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో పుట్టింది. అక్కడ బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలంలో 1843 నుంచి ఒకే ప్రయోగం నడుస్తోంది. అలాంటి దీర్ఘకాలపు పొలాల కొలతల మీద డేవిడ్ జెంకిన్సన్, ఆయన సహచరులు ఈ మోడల్ కట్టారు. ఇంతకంటే కొత్తవీ, పెద్దవీ ఉన్నాయి. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఒకటే: అడిగే సమాచారం తక్కువ. నెలవారీ ఉష్ణోగ్రత, వాన, ఆవిరి, బంకమన్ను శాతం, ఏ నెలలో ఎంత చెత్త వేశాం, నేల మీద పైరు ఉందా లేదా. ఇవి మన దగ్గర దొరుకుతాయి. వాతావరణం అంకెలకు కళింగపట్నం అబ్జర్వేటరీ ఉంది. ఎక్సెల్ షీటులో మొత్తం మోడల్ రాసుకోవచ్చు. సూత్రాలు కళ్ల ముందు ఉంటేనే రైతు అడిగిన చోట వేలు పెట్టి చూపించగలం.

మోడల్ మట్టిలోని కర్బనాన్ని ఐదు వాటాలు చేస్తుంది. తొందరగా కుళ్లే మొక్క భాగం, నిదానంగా కుళ్లే మొక్క భాగం, సూక్ష్మజీవుల ఒళ్లు, హ్యూమస్ (కుళ్లగా మిగిలి మట్టిలో నిలిచేది), అసలు కదలనిది. మొదటి నాలుగింటికీ కుళ్లే వేగాలు ఏడాదికి 10, 0.3, 0.66, 0.02. పైరు చెత్త పడితే అందులో 59% తొందర వాటాలోకి, 41% నిదానం వాటాలోకి వెళ్తుంది. ప్రతి నెలా ప్రతి వాటాలో కొంత కుళ్లుతుంది. కుళ్లినదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి, మిగిలింది సూక్ష్మజీవుల్లోకి, హ్యూమస్‌లోకి. ఎంత మిగులుతుందన్నది బంకమన్ను బట్టి ఉంటుంది. మా గరువులో 15% బంకమన్నుకు కుళ్లిన ప్రతి 100 కిలోల్లో నిలిచేది 20. బంకమన్ను 50% ఉన్న నల్లరేగడి అయినా 24 దాటదు. ‘మా నేల ఎర్రనేల కాబట్టి ఏదీ నిలవదు’ అని తరచూ వింటుంటాం. నిజమే కానీ మట్టి రకం వల్ల వచ్చే తేడా మనం అనుకున్నంత లేదు. అసలు దెబ్బ వేడిది.

వేడి, తడి

పైన చెప్పిన వేగాలు రాథమ్‌స్టెడ్ చలికి కట్టినవి. అక్కడ ఏడాది సగటు 9 డిగ్రీలకు కాస్త పైన. ఆ ఉష్ణోగ్రత దగ్గర మోడల్ గుణకం 1. మన జనవరి 22, 23 డిగ్రీలకే గుణకం 3.3 అవుతుంది. మే నెల 31 డిగ్రీలకు 5. అంటే తడి ఒకేలా ఉంటే ఇంగ్లండులో ఐదు నెలల్లో జరిగే కుళ్లు ఇక్కడ నెలలో అయిపోతుంది.

అయితే మే నెలలో తడి ఉండదు కదా. అందుకే తేమకు ఇంకో గుణకం: పూర్తి తడికి 1, ఎండిపోతే 0.2 దాకా దిగుతుంది. పైరు కప్పి ఉంటే 0.6, ఖాళీ నేలకు 1. ఈ మూడూ గుణిస్తే మా గరువుకు వచ్చిన చిత్రం ఇది: జనవరి నుంచి ఏప్రిల్ దాకా 1 లోపే, జూన్‌లో ఒక్కసారిగా 2.9, అక్టోబరు దాకా 2.6కి అటూ ఇటూ, డిసెంబరుకు 1.3. ఏడాది సగటు 1.8.

ఇందులో జూన్ చూడండి. వేడి ఇంకా తగ్గలేదు, తడి వచ్చేసింది, నేల మీద పైరు లేదు. మూడూ ఒకేసారి కలిసే నెల అదొక్కటే. తొందర వాటా మీద దీని ప్రభావం లెక్కేస్తే, జూన్ మొదట్లో తడి మట్టిలో కలిసిన ఆ వాటాలో నెలాఖరుకు మిగిలేది 9%. ఏసిందంతా ఏటయిపోతంది అన్న పెద్దాయనకు సగం జవాబు ఇక్కడే ఉంది: మృగశిర, ఆరుద్ర కార్తెలు దాటేలోపు గాల్లో కలిసిపోతోంది.

సంచులు

మోడల్ చెప్పిందల్లా నమ్మితే ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. అందుకే నైలాను జల్లి సంచులు కుట్టించాం. ఎండబెట్టి తూచిన చొప్ప ముక్కలు, వరి గడ్డి, జీలుగ, గెత్తం వేర్వేరు సంచుల్లో పెట్టి, దుక్కి లోతులో పాతి, విడతలవారీగా తీసి తూచడం. పాత పద్ధతే, ఖర్చు దాదాపు లేదు.

తీసిన సంచి బరువును నేరుగా నమ్మకూడదు. వానాకాలంలో తీసిన కొన్ని సంచులు పాతినప్పటికంటే బరువుగా ఉంటాయి. చొప్ప పెరగదుగా. ఎర్రమట్టి లోపలికి చేరి ప్రతి ముక్కకూ అంటుకుంటుంది. కడిగితే కుళ్లిన మెత్తదనం కూడా నీళ్లతో పోతుంది. కాబట్టి కడక్కుండా ఆరబెట్టి, కొంత నమూనాను 550 డిగ్రీల కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిద తూచాలి. కాలిపోయిందే సేంద్రియ పదార్థం. బూడిదలోంచి చొప్పకు సహజంగా ఉండే బూడిద తీసేస్తే మిగిలేది మట్టి. ఈ పని లేకుండా గీసిన సంచుల గ్రాఫు దేనికీ పనికిరాదు. వరి గడ్డిలో సిలికా వల్ల బూడిద ఎలాగూ ఎక్కువ కాబట్టి, పాతకముందు దాని సొంత బూడిద ఎంతో తెలుసుకోకుండా మొదలుపెట్టకూడదు.

సంచి విప్పితే లోపలి సంగతి కళ్లకే తెలుస్తుంది. చొప్ప దంటులో ముందు పోయేది బెండు. మెత్తటి తెల్ల బెండు మాయమై, పైతొక్క ఉత్త గొట్టంలా మిగులుతుంది, నొక్కితే పటుక్కున విరుగుతుంది. కణుపులు మాత్రం గట్టిగా అలాగే ఉంటాయి. తొందర వాటా, నిదానం వాటా అని మోడల్ చెప్పేది ఆ గొట్టంలో చూసుకోవచ్చు. రైతులకు సూత్రాలు చూపించినప్పటికంటే ఆ గొట్టం చేతికిచ్చినప్పుడే విషయం బాగా ఎక్కింది.

మోడల్‌కూ పొలానికీ గట్టిగా పడని చోట్లు రెండు కనిపించాయి.

ఒకటి ఎండాకాలం. చొప్ప ఏప్రిల్‌లో పడింది కాబట్టి షీటులో ఏప్రిల్‌లోనే రాస్తే, జూన్ వచ్చేసరికి తొందర వాటాలో 13% మాత్రమే మిగిలిందని మోడల్ చెప్తుంది. ఎండినా తేమ గుణకం 0.2 కంటే దిగదు, వేడి గుణకమేమో 5 దగ్గర ఉంటుంది, అందుకని. పొలంలో చూస్తే పైన పడి ఉన్న చొప్ప కళ్లంలో వేసినంత పొడిగా, దాదాపు అంతా అలాగే ఉంది. మోడల్ మాట్లాడేది మట్టిలో కలిసిన చెత్త గురించి, నేల మీద ఎండుతున్నదాని గురించి కాదు. అందుకని మా షీటులో చొప్ప తేదీ అంటే కోత తేదీ కాదు, తొలి దుక్కి తేదీ. ఈ ఒక్క మార్పుతో సంచుల గీతా మోడల్ గీతా చాలావరకు కలిసి నడిచాయి.

రెండోది చెదలు. గరువు మీద వేసిన ఏ చొప్పకైనా మట్టి పూత కడతాయి. సంచిలో బరువు తగ్గిందంటే అక్కడే కుళ్లిందని కాదు, పక్క పుట్టకు మోసుకుపోయి ఉండొచ్చు. మోడల్‌కు చెద తెలీదు. మట్టి పూత ఉన్న సంచులను లెక్కలోంచి తీసి పక్కన రాసుకున్నాం తప్ప దీనికి మంచి ఉపాయం నా దగ్గర లేదు.

నెలవారీ మోడల్ పట్టుకోలేనిది ఇంకోటుంది. ఎండిన మట్టి మీద మొదటి జల్లు పడగానే ఒకటి రెండు రోజులు మట్టి ఊపిరి, అంటే కార్బన్ డయాక్సైడ్, ఉధృతంగా వదులుతుంది. బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో దీని గురించి రాసినప్పటి నుంచి ఆయన పేరుతోనే పిలుస్తారు. సీసాలో చూడటం తేలిక. పొడి మట్టి తడిపి, లోపల చిన్న గిన్నెలో కాస్టిక్ సోడా ద్రావణం పెట్టి మూత బిగిస్తే, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ద్రావణం పీల్చుకుంటుంది. తర్వాత బేరియం క్లోరైడ్ పోస్తే తెల్లగా పాలలా విరుగుతుంది. ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, గులాబీ రంగు పోయేదాకా ఆమ్లం జారవిడిచి, మిగిలిన సోడా ఎంతో చూస్తే పీల్చినది తెలుస్తుంది. ఒక నార్మల్ (1N) గాఢత ఉన్న సోడా ఒక మిల్లీలీటరు ఖర్చయితే 6 మిల్లీగ్రాముల కర్బనం. మట్టి లేని సీసా ఒకటి తప్పకుండా పక్కన పెట్టాలి, గాలిలోది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి.

టన్ను కర్బనం ప్రయాణం

ఎకరాకు రెండున్నర టన్నుల ఎండు చొప్ప దున్నితే, అందులో 42% కర్బనం అనుకుంటే, టన్నుకు కాస్త పైన. లెక్క సులువుకు సరిగ్గా 1,000 కిలోలు జూన్‌లో మట్టిలో కలిసింది అనుకుందాం. 590 కిలోల తొందర వాటా ఏడాదికి పూర్తిగా పోతుంది. 410 కిలోల నిదానం వాటాలో 240 మిగులుతుంది. కుళ్లిన దాంట్లోంచి హ్యూమస్‌గా, సూక్ష్మజీవులుగా నిలిచింది ఇంకో 115. మొత్తం సుమారు 355 కిలోలు. అంటే మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. ఐదేళ్లకు అదే చొప్పలోంచి మిగిలేది 135 కిలోల దగ్గర.

ఏటా టన్ను చొప్పున ఐదేళ్లు దున్నితే? ఒక్కో ఏడాది మిగులు కలుపుకుంటూ పోతే ఐదో ఏడాది చివర 1,100 కిలోలు. వేసింది 5 టన్నులు, నిలిచింది 1.1. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, పోస్తున్నంత కాలం మట్టం కాస్త పైకి ఉంటుంది, ఆపితే దిగుతుంది. 910 టన్నుల మట్టిలో ఆ 1.1 టన్ను 0.12%. పాతది అలాగే నిలకడగా ఉంటే కార్డులో 0.40 కాస్తా ఐదేళ్లకు 0.52 అవుతుంది. తొలి ఏడాది పెరుగుదల 0.04 మాత్రమే. ఒకే మడిలో గట్టు పక్క తీసిన మట్టికీ నడిమధ్య తీసిన మట్టికీ అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. కాబట్టి చొప్ప దున్నిన మరుసటి ఏడాదే పరీక్ష చేయించి ‘పెరిగింది’, ‘పెరగలేదు’ అనుకోవడం రెండూ తప్పే. నాలుగైదేళ్లకోసారి, అదే నెలలో, అదే చోట్ల, అదే లోతులో తీయించమని సంఘానికి రాసిచ్చాను.

ఇందులో వేర్ల కర్బనం కలపలేదు. చొప్ప తగలబెట్టినా, దున్నినా వేర్లు మట్టిలోనే ఉంటాయి, తేడాలోకి రావు.

గెత్తం కుప్ప

ఇక్కడ మీటింగు వేడెక్కింది. పచ్చి చొప్పకంటే, అంటే మాగని చొప్పకంటే, గెత్తమే నిలుస్తుందని అందరి నమ్మకం. కిలోకు కిలో చూస్తే అది నిజం. గెత్తానికి మోడల్ వేసే వాటాలు వేరు: 49% తొందర, 49% నిదానం, 2% నేరుగా హ్యూమస్. కానీ లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెడుతున్నాం? పొలంలో గెత్తం దించిన రోజు నుంచి మొదలుపెడితే గెత్తం గెలుస్తుంది. చొప్ప కోసిన రోజు నుంచి మొదలుపెడితే, కుప్పలో ఉన్న కాలంలో పోయినది కూడా లెక్కలో పెట్టాలి. కుప్పలో మాగేటప్పుడు కర్బనంలో సగం దాకా పోవడం మామూలే. 1,000 కిలోలు కుప్ప ఎక్కితే పొలం చేరేది 500. అది ఏడాదికి 200 కిలోలు అవుతుంది, ఐదేళ్లకు 80 కిలోల లోపు. పచ్చి చొప్ప దున్నితే 355, 135. కర్బనం ఒక్కటే చూసుకుంటే కుప్ప నష్టం.

బాగా మాగిన కంపోస్టుకు 49–49–2 విభజన సరిపోదు, నిదానం వాటా ఇంకా ఎక్కువ వేయాలి. అలా మార్చి చూస్తే తేడా తగ్గింది కానీ తిరగబడలేదు. మా వైపు కుప్పలు రోడ్డు వారన ఎండకీ వానకీ పడి ఉంటాయి. గుంత తీసి, నీడ కట్టి, తడి చూసుకున్నవి చాలా తక్కువ. పొలానికి తోలాక కూడా చిన్నచిన్న పోగులుగా పెట్టి వానల దాకా వదిలేస్తారు.

అయితే ఒక అమ్మ అడిగిన ప్రశ్నతో లెక్కలో రెండో పక్క తెరుచుకుంది. "మొన్న చొప్ప దున్నేసి గోగు చల్లాం, నాలుగు ఆకులకే పసుపెక్కిపోయింది. గెత్తం ఏసినప్పుడెప్పుడూ అలా కాలేదు. మరి దానికేటంటారు?"

ఆవిడ చెప్పింది సరైనదే. మొక్కజొన్న చొప్పలో ఒక వంతు నత్రజనికి సుమారు 60 వంతుల కర్బనం ఉంటుంది. సూక్ష్మజీవుల ఒంట్లో ఆ నిష్పత్తి 8 దగ్గర. అవి 100 కిలోల కర్బనం తింటే మొదటి విడతలో సుమారు 40 కిలోలు ఒళ్లు చేసుకుంటాయి, దానికి 5 కిలోల నత్రజని కావాలి. చొప్పతో వచ్చేది 1.7. మిగతా 3.3 కిలోలు మట్టిలోంచే లాక్కుంటాయి. జూన్‌లో ఒక్క నెలలో ఎకరాకు 500 కిలోలకు పైగా కర్బనం కుళ్లుతోందని మోడల్ చెప్పింది కదా. అంటే 16, 17 కిలోల నత్రజని లోటు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7. అంటే ముప్పావు బస్తాకు పైనే, అదీ పైరు పసిగా ఉన్నప్పుడు. ఆ నత్రజని పోయేది కాదు. సూక్ష్మజీవులు చచ్చాక తిరిగి మట్టికే వస్తుంది. పైరుకు మాత్రం అప్పటికి సమయం దాటిపోతుంది. గెత్తంలో ఈ గొడవ కుప్పలోనే తీరిపోయి వస్తుంది. ఈ సుఖం కోసం మనం సగం కర్బనం ఖర్చు పెడుతున్నాం. ఆ బేరం తప్పని నేను అనను. కానీ బేరం అని తెలిసి చేయాలి.

గరువుకు మేం అనుకున్న పద్ధతి ఇది. చొప్ప ఏప్రిల్‌లో రోటావేటరుతో ముక్కలు చేసి నేల మీదే వదిలేయాలి. ఎండలో అది ఎలాగూ కదలదు, పైగా నేలకు నీడ. తొలి దుక్కిలో కలిపి, నెల ఆగి పైరు వేయాలి. ఆగలేనివాళ్లు పెసరో జనుమో చల్లుకోవాలి, వాటికి గాలిలోంచి నత్రజని వస్తుంది. ఆగకుండా గోగో మొక్కజొన్నో వేయాలంటే, పైపాటుగా వేసే యూరియాలో కొంత ముందుకు జరిపి దుక్కిలోనే వేయాలి. అదనంగా కొనాల్సిన పని లేదు, తేదీ మార్చుకుంటే చాలు. గెత్తం ఎంత ఉంటే అంత కూరగాయల మడికి, నారుమడికి.

పల్లం

రాథ్‌సీ నీళ్లు నిలిచే నేలకు కట్టిన మోడల్ కాదు. గాలి అందకపోతే కుళ్లు నెమ్మదిస్తుంది. జపాన్‌లో వరి మళ్లకు దీన్ని వాడినవాళ్లు నీళ్లున్న కాలంలో వేగాలను 0.2తో, మిగతా కాలంలో 0.6తో గుణించి సరిపెట్టారు. మేమూ అలాగే చేశాం. దాంతో పల్లంలో కర్బనం గరువుకంటే బాగా నిలుస్తుందని వచ్చింది. కార్డులు చూసినా అంతే.

కానీ గాలి అందని చోట కుళ్లిన కర్బనంలో కొంత మీథేన్‌గా పోతుంది. ఇక్కడ తేదీ ఎంత ముఖ్యమో ఐపీసీసీ (వాతావరణ మార్పులపై అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం) 2006 మార్గదర్శకాల్లో ఉంది. హెక్టారుకు 5 టన్నుల గడ్డి, అంటే మన ఎకరాకు 2 టన్నులు, ఉభాలకు (నాట్లకు) నెల లోపు దున్నితే గడ్డి లేని మడికంటే మీథేన్ 2.9 రెట్లు. నెలకు మించి ముందు దున్నితే 1.7 రెట్లు. అదే గడ్డి, అదే మడి. ఆ మార్గదర్శకాలు చెప్పే నెల గడువుకూ, తొందర వాటాలో జూన్ నెలాఖరుకు 9% మిగులుతుందన్న మా లెక్కకూ కారణం ఒకటే. నీళ్లు కట్టేలోపు తొందర వాటా గాలి తగిలే మట్టిలోనే కుళ్లిపోతే, నీళ్ల కింద మీథేన్ అవడానికి మిగిలేది తక్కువ.

ఈ తేడా ఎంతో చూడండి. అవే మార్గదర్శకాల ప్రకారం ఎప్పుడూ నీళ్లు నిలిచే మడికి రోజుకు హెక్టారుకు 1.3 కిలోల మీథేన్. పైరు 110 రోజులు అనుకుని, మీథేన్ కిలోకు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ విలువ కడితే, ఆలస్యంగా దున్నినందుకు ఎకరాకు 1.9 టన్నులు ఎక్కువ. మధ్యలో ఒకసారి మడి ఆరగడితే 0.6 గుణకంతో అది 1.15కు దిగుతుంది. చెరువు మళ్లకు ఆ రెండోదే దగ్గర.

మృగశిరలో తొలి దుక్కి, జూలై చివర ఉభాలు. చెరువులోకి నీళ్లు ఎలాగూ ముందే రావు కాబట్టి మా పల్లానికి నెల వ్యవధి దొరుకుతుంది. దొరకని చోట గడ్డి దున్నొద్దని, పశువులకే మళ్లించమని చెప్పాను.

ఏజెంటుకు జవాబు

ఒక క్రెడిట్ అంటే టన్ను కార్బన్ డయాక్సైడ్. కర్బనం కిలోలను 3.67తో గుణించాలి. గరువులో ఐదేళ్లకు నిలిచిన 1.1 టన్ను కర్బనం 4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అంటే ఎకరాకు ఏడాదికి 0.8. అది కూడా చొప్పంతా ఇప్పటిదాకా తగలబెడుతున్నవాళ్లకే. సగం పశువులకు వేసి, ఆ పేడ పొలానికే తోలేవాళ్లకు కొత్తగా పెరిగేది ఇంకా తక్కువ. పల్లంలో ఉభాలకు నెల లోపు గడ్డి దున్నితే మీథేన్ ఒక్కటే ఆ 0.8ని మింగేస్తుంది.

ఏజెంటు చెప్పిన రెండు, మూడు ఎలా వచ్చాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. దున్నిన టన్ను కర్బనాన్ని నేరుగా 3.67తో గుణిస్తే మూడున్నర పైన వస్తుంది. అందులోంచి కొంచెం తగ్గించి చెప్పినట్టున్నాడు. పోయిన భాగం లెక్కలోకే రాలేదు. సంఘం అతన్ని మూడు విషయాలు రాతపూర్వకంగా అడిగింది: ఏ మోడల్, ఏ ఏడాది పరిస్థితితో పోలుస్తారు, ఐదో ఏడాది రైతు మళ్లీ చొప్ప కాలిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలా. జవాబు రాలేదు, సంతకాలూ కాలేదు.

పలాస వైపు నుంచి ఒకాయన ఈ షీటు తీసుకుని జీడితోటలో రాలిన ఆకుకు వాడతానన్నారు. అలాగే వాడొద్దని చెప్పాను. 59–41 విభజన పైరు చెత్తకు. చెట్ల ఆకుకు మోడల్ వేసేది 20–80. జీడాకు మందం, లిగ్నిన్ (నిదానంగా కుళ్లే గట్టి పదార్థం) చూస్తే అదీ తక్కువేమో. వాటాలు మార్చి, ముందు సంచులు పాతి, కొలిమిలో బూడిద తూచాకే అంకెలు మాట్లాడుకుందామన్నాను. తోటలో రాలిన ఆకు దుక్కిలో కలవదు, నేల మీదే ఉంటుంది. కాబట్టి ఎండాకాలం నెలలకు మా ఏప్రిల్ చొప్ప ఇబ్బందే అక్కడ రెండింతలుగా వస్తుంది. ఆ నెలల్లో షీటు చూపించే కుళ్లును అక్కడ తీసుకోకూడదు.